పోస్టు అక్కర్లేని పోస్టాఫీసు కోసం ఒక విన్నపం

ఒక భవనం పాతబడటానికి వందేళ్లు పడుతుంది. చారిత్రకం కావడానికి మాత్రం ఒక్క పూట చాలు. దాన్ని కూలగొట్టబోతున్నారన్న కబురు పొద్దున్నే టీ కొట్టుకు చేరిందంటే, మధ్యాహ్నం భోజనాల వేళకు అది వారసత్వ సంపద అయి కూర్చుంటుంది. నిన్నటిదాకా ఆ గోడకు కోచింగ్ సెంటర్ పోస్టర్లు అంటించినవాళ్లు, ఆ గోడ నీడలో స్కూటర్లు పెట్టుకున్నవాళ్లు, చీకటి పడ్డాక ఆ గోడను ఇంకో అవసరానికి వాడుకున్నవాళ్లు సాయంత్రానికి కొవ్వొత్తులు పట్టుకుని దాని ముందే నిలబడతారు. కూల్చివేత వార్తకు ఇంత చరిత్ర జ్ఞానాన్ని పుట్టించే శక్తి ఉన్నప్పుడు, ఈ పద్ధతిని బడుల్లో ఎందుకు ప్రవేశపెట్టలేదో అర్థం కాదు.

ఈ వ్యాసం ఒక చిన్న పట్టణంలోని పాత పోస్టాఫీసు భవనం గురించి. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే మిగతా ఊళ్లవాళ్లు తమను వదిలేశారని నొచ్చుకుంటారు. నాలుగు రోడ్ల కూడలిలో ఒక విగ్రహం, బస్టాండు ఎదురుగా ఇప్పటికి పేరు చాలాసార్లు మారిన ఒక లాడ్జి, మెయిన్ బజారు మలుపులో మంగుళూరు పెంకుల కప్పు, వరండా స్తంభాలు, గోడలోనే అమర్చిన ఎర్ర ఉత్తరాల డబ్బా ఉన్న ఒక కట్టడం... ఇవన్నీ ఉంటే అది మీ ఊరే అనుకోవచ్చు.

ముందుగా భవనం వయసు తేల్చాలి. "ఇది ఎప్పుడు కట్టారండీ?" అని ఎవరిని అడిగినా తడుముకోకుండా చెప్పే జవాబు ఒకటే: "బ్రిటిషోళ్ల టైములోదండీ." రెండు వందల ఏళ్లలో ఎక్కడైనా సర్దుకోగల జవాబు. ఇంకాస్త గుచ్చి అడిగితే "దొర కట్టించాడు" అంటారు. ఏ దొర అని అడగడం మర్యాద కాదు. మన పట్టణాల్లో బావి, బంగళా, కాలవ గట్టు, మామిడితోట అన్నీ ఒకే దొర చేయించాడు. గోదావరి జిల్లాల్లో అయితే ఆయనకు కాటన్ అని పేరు పెట్టి పని ముగిస్తారు. కాటన్ దొర ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట కట్టించినమాట నిజం. పోస్టాఫీసు కూడా ఆయనే కట్టించాడనడానికి ఆధారం ఏమిటంటే, అంత ఆనకట్ట కట్టినాయనకు పోస్టాఫీసు ఒక లెక్కా అని.

తెలంగాణ వైపు ఊళ్లలో కూడా ఇదే జవాబు వినిపించడం మరీ విశేషం. నిజాం సంస్థానానికి సొంత తపాలా శాఖ ఉండేది. 1869 నుంచి సొంత స్టాంపులు అచ్చువేసుకుంది. 1950లో గానీ అది భారత తపాలా శాఖలో కలవలేదు. అయినా అక్కడి పాత పోస్టాఫీసుకు కూడా దొరే కర్త. ఎనభై ఏళ్ల పాటు సొంతంగా ఉత్తరాలు మోయించిన ప్రభుత్వానికి ఒక్క పెంకుటింటి ఘనత కూడా దక్కలేదు.

పెంకు అంటే గుర్తొచ్చింది. ఇలాంటి ఊళ్లలో ఎప్పుడో ఒకప్పుడు ఒక తిరుగులేని సాక్ష్యం బయటపడుతుంది. గాలివానకు రాలిన పెంకు ఒకటి తిరగేసి చూస్తే దాని మీద 1865 అని అచ్చు కనిపిస్తుంది. ఇంకేముంది, ఊరి వాట్సాప్ గ్రూపుల్లో పోస్టాఫీసు పుట్టిన సంవత్సరం ఖరారైపోతుంది. బాసెల్ మిషన్ అనే క్రైస్తవ మిషనరీ సంస్థ వారు మంగుళూరులో మొదటి పెంకుల ఫ్యాక్టరీ పెట్టిన సంవత్సరం 1865. ఆ తర్వాత ఎన్నో ఏళ్ల పాటు, ఎప్పుడు కాల్చిన పెంకు మీదైనా ఆ అంకె వేస్తూ పోయారు. ఈ లెక్కన సబ్బు మీద కంపెనీ పెట్టిన సంవత్సరం ఉంటే మనం స్నానం కూడా పురాతన వస్తువుతోనే చేస్తున్నట్టు. కానీ ఈ మాట గ్రూపులో పెట్టినవాణ్ణి ఊరి ద్రోహి అంటారు కాబట్టి ఎవరూ పెట్టరు.

వయసు విషయంలో ఊరు ఇంత పట్టుదలగా ఉండటానికి చట్టమే కారణం. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం ప్రకారం ఒక కట్టడం ప్రాచీనం అనిపించుకోవాలంటే కనీసం నూరేళ్లు నిలబడి ఉండాలి. తొంభై తొమ్మిదేళ్ల గోడ పాత ఇటుకల కుప్ప. ఇంకో ఏడాది కూలకుండా ఓపిక పడితే జాతి సంపద. పైగా 2010లో వచ్చిన సవరణ ప్రకారం, కేంద్రం రక్షిత కట్టడంగా ప్రకటించినదాని చుట్టూ 100 మీటర్ల మేర కొత్త నిర్మాణాలు నిషేధం. ఆ పైన ఇంకో 200 మీటర్లలో ఏం కట్టాలన్నా అనుమతి కావాలి. చిన్న పట్టణంలో పోస్టాఫీసు నుంచి 300 మీటర్లు అంటే బజారు బజారంతా వచ్చేస్తుంది. మన పెంకుల పోస్టాఫీసును ఢిల్లీ వాళ్లు చార్మినార్ పక్కన కూర్చోబెడతారన్న ప్రమాదం ఏమీ లేదు. కానీ మూడంతస్తులు లేపాలని పునాదులు తీసుకున్నవాడికి ఆ మాట చెప్పి చూడండి.

అందువల్ల ఈ భవనం వయసు, చెప్పేవాడి ఇంటి దూరాన్ని బట్టి మారుతుంది. దీన్ని ఒక సూత్రంగానే ప్రతిపాదిస్తున్నాను. గోడ ఆనుకుని బట్టల షాపు ఉన్నాయన, "మా నాన్నగారు చూస్తుండగా కట్టారండీ, అరవయ్యేళ్లు కూడా లేవు" అంటాడు. రెండు వీధుల అవతల ఉన్నవాళ్లకు అది నూటపదేళ్ల కట్టడం. కొత్త కాలనీకి వెళ్లేసరికి 1857 అవుతుంది. అమెరికాలో స్థిరపడి ఏడాదికోసారి ఊరికొచ్చేవాళ్ల లెక్కలో ఈస్టిండియా కంపెనీ వాళ్లు దిగేటప్పటికే పోస్టాఫీసు తెరిచి ఉంది. బహుశా వాళ్లు అక్కడే దారి అడిగి ఉంటారు.

స్వాతంత్ర్య పోరాటంలో భవనం పాత్ర మీద మాత్రం దూరంతో పని లేకుండా అందరిదీ ఒకే మాట. 1942 క్విట్ ఇండియా రోజుల్లో దేశమంతా తంతి తీగలు తెంచారు, పోస్టాఫీసుల మీద దాడులు చేశారు. మన ఊరు వెనకబడితే బాగుండదు. కాబట్టి మా వాళ్లు కూడా ఈ పోస్టాఫీసును తగలబెట్టారు అని ఊరి చరిత్ర పుస్తకంలో ఒక పేరాలో ఉంటుంది. ఈ భవనం కట్టిన నాటి నుంచి నేటి వరకు ఒక్క దూలం కూడా చెక్కుచెదరలేదు అని తర్వాతి పేరాలో ఉంటుంది. రెండు పేరాలూ ఒకే రిటైర్డ్ మాస్టారు రాసినవే. 1929లో గాంధీజీ ఖద్దరు నిధి కోసం ఆంధ్ర ప్రాంతమంతా తిరిగారు. అలా తిరిగినప్పుడు ఈ డబ్బాలోనే కార్డు వేశారని చెప్పుకుంటారు. గాంధీజీ విరివిగా కార్డులు రాసేవారు కాబట్టి కాదనడానికి లేదు. ఆయన వేశారంటున్న కార్డులన్నీ లెక్కపెడితే ఆ పర్యటనలో ఉపన్యాసానికి తీరిక ఎక్కడ దొరికిందా అనిపిస్తుంది, అంతే.

ఇక భవనం లోపల ఏం జరిగింది? చరిత్ర కమిటీల పుస్తకాల్లో ఇది అరపేజీకి మించదు. ఫోటోలో పడదు కదా.

1854 అక్టోబరులో బ్రిటిష్ ఇండియా అంతటికీ ఒకే తపాలా శాఖ, ఒకే రకం స్టాంపులు వచ్చాయి. అంతకుముందు ఉత్తరం ఎంత దూరం పోతే అంత రుసుము. ఆ తర్వాత దూరంతో సంబంధం లేదు, బరువు చూస్తారు, కనీస రేటు అర్ధణా. పక్క తాలూకాకు రాసినా పెషావరుకు రాసినా అదే అర్ధణా. 1879లో పావు అణాకు పోస్టు కార్డు వచ్చింది. కార్డుతో గొప్ప సౌకర్యం ఏమిటంటే, అందులో విషయం చిరునామాదారుడికి చేరేలోపు సార్టింగ్ చేసినాయనకు, మోసుకొచ్చినాయనకు, వీధి అరుగు మీద కూర్చున్న పెద్దలకు కూడా చేరేది. పెళ్లి సంబంధం కుదిరిందో తప్పిందో పెళ్లికొడుకు కన్నా ముందు వీధికి తెలిసేది. వ్యక్తిగత సమాచారం బయటికి పోతోందని ఇప్పుడు ఫోన్ల మీద గోల పెడుతున్నవాళ్లు, ఆ కార్డుల కాలాన్ని తలుచుకుని "ఎంత ఆత్మీయంగా ఉండేదో!" అని కళ్లు తుడుచుకోవడం చూస్తుంటాం. కార్డు ఇప్పటికీ ఉంది, ధర అర్ధరూపాయి. ఆ అర్ధరూపాయి నాణెం చెల్లుతుందని రిజర్వు బ్యాంకు చెబుతూనే ఉంది. తీసుకునే కొట్టు కనబడదు. అందుకని ఒక్క ముక్క రాయాలన్నా రెండు కార్డులు కొనాలి. అంత ప్రేమ ఇప్పుడు ఎవరి మీద ఉంది?

1880లో మనియార్డరు వచ్చింది. నా ఉద్దేశంలో ఈ భవనం అసలు చరిత్ర ఇక్కడ మొదలవుతుంది. ఆ రోజుల్లో కోస్తా జిల్లాల నుంచి ఓడలెక్కి వేలమంది రంగూన్ వెళ్లారు. రేవుల్లో మూటలు మోశారు, బియ్యం మిల్లుల్లో పనిచేశారు. 1937 దాకా బర్మా కూడా బ్రిటిష్ ఇండియాలో భాగమే కాబట్టి అక్కడి నుంచి వచ్చే డబ్బు పరాయి దేశపు డబ్బు కాదు, మామూలు మనియార్డరే. ఫారం కింద చిన్న కూపన్ ముక్క ఉండేది, నాలుగు మాటలు రాసుకోవడానికి. ఆ నాలుగు మాటల్లోనే కొడుకు క్షేమం, అప్పు ఎవరికి ఎంత కట్టాలి, చెల్లెలి పెళ్లి ఎప్పుడు అన్నీ ఇమడాలి. చదవడం రాని తల్లికి పోస్టుమానే చదివి పెట్టేవాడు, వేలిముద్ర వేయించుకునేవాడు, "ఏదో మీ దయ" అని నిలబడేవాడు. ఆ దయ విలువ వచ్చిన సొమ్మును బట్టి ఉండేది. ఎన్ని ఇళ్లలో పొయ్యి వెలిగిందో, ఎన్ని ఎకరాలు తాకట్టు నుంచి బయటపడ్డాయో లెక్కలన్నీ ఈ పెంకుల కింద రిజిస్టర్లలోనే ఉండేవి. ఆ రిజిస్టర్లు ఏమయ్యాయని మాత్రం ఏ పరిరక్షణ కమిటీ అడగలేదు. తలుపు గొళ్లెం ఇత్తడిదా కాదా అన్న దాని మీదే చర్చ జరుగుతోంది.

తంతి గురించి ఎంత చెప్పినా తక్కువే. టెలిగ్రామ్ అనగానే విప్పకముందే ఏడుపు మొదలయ్యేది. చిరునామా అడగడానికి ఆ మనిషి గుమ్మంలో ఆగినా సరే, లోపల ఆడవాళ్లు గుండెలు బాదుకునేవాళ్లు. ఉద్యోగం వచ్చిందన్న తంతికి కూడా ముందు ఏడ్చేసి, తర్వాత చదివించుకుని, ఏడుపు ఎలాగూ మొదలైంది కాబట్టి కాసేపు సంతోషంతో కొనసాగించేవాళ్లు. మాటకింత అని రుసుము కావడంతో తెలుగువాడి జీవితంలో మొదటిసారి క్లుప్తత ప్రవేశించింది. "వెంటనే బయలుదేరి రావలెను" అని మూడు మాటలు రాసి, మూడోది తీసేస్తే ఎంత మిగులుతుందని అడిగేవాళ్లు. 2013 జులైలో టెలిగ్రామ్ ఆగిపోయింది. ఆఖరి రోజున పెద్ద నగరాల్లో జనం క్యూ కట్టి మరీ తమకు తామే టెలిగ్రాములు ఇచ్చుకున్నారు. దుర్వార్త కోసం డబ్బిచ్చి నిలబడిన సందర్భం అదొక్కటే అయ్యుండాలి. అయితే ఈసారి చచ్చిపోయింది టెలిగ్రామే.

ఇన్ని పనులు చేసిన ఈ భవనానికి ఆధ్యాత్మిక పునాది ఒకటి ఉంది. అది 1898 నాటి తపాలా చట్టం ఆరో సెక్షను. ఉత్తరం పోయినా, వేరేవాళ్లకు చేరినా, ఆలస్యమైనా, పాడైనా, ప్రభుత్వం ప్రత్యేకంగా ఒప్పుకుంటే తప్ప దాని బాధ్యత ఏమీ లేదని ఆ సెక్షను సారాంశం. పోగొట్టడం, పొరపాటు, జాప్యం, నష్టం... మనిషి చేయగలిగిన తప్పులు నాలుగే అయితే నాలుగింటికీ ఒకే వాక్యంలో క్షమాపణ, అదీ ముందుగానే. మన వేదాంతులు కర్మఫలం గురించి ఎంతో రాశారు గానీ ఇంత సూటిగా ఎవరూ తేల్చలేదు. నూటపాతికేళ్లు ఆ చట్టంతో నడిచాక 2023లో కొత్తది చేశారు, అది 2024 జూన్‌లో అమల్లోకి వచ్చింది. అందులో ఉత్తరాల మీద ప్రభుత్వానికి ఉన్న గుత్తాధికారం తీసేశారు. బాధ్యత లేదన్న సూత్రాన్ని మాత్రం భద్రంగా కొత్త ఇంటికి మార్చారు. సంప్రదాయ పరిరక్షణ అంటే అదీ.

భవనాన్ని కూడా ఆరో సెక్షను కిందే కాపాడుతూ వచ్చారనిపిస్తుంది. అసలు గోడలు డంగు సున్నంతో కట్టినవి. గానుగలో సున్నం, ఇసుక నూరి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు కలిపి పట్టించినవి. ఆ గోడ ఊపిరి తీసుకుంటుంది. వానకు చెమ్మ పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. ఇది తెలిసిన మేస్త్రీలు పోయారు. తర్వాత వచ్చిన మరమ్మతు నిధులతో సున్నం గోడ మీద దళసరిగా సిమెంటు పూశారు. చెమ్మ లోపల చిక్కుకుపోయింది. గోడ ఉబ్బింది. ఉబ్బిన చోట మళ్లీ సిమెంటు పూశారు. రావి మొక్క మొలిస్తే వేరు వదిలేసి పైకొమ్మ నరికారు. వేరు ఏం చేయాలో వేరుకు తెలుసు. పెంకులు జారిన చోట రేకు వేశారు, రేకు ఎగిరిపోకుండా రాయి పెట్టారు, ఆ రాయి బరువుకు వాసం వంగింది. చివరికి ఒక ఇంజినీరుగారు వచ్చి, తల పైకెత్తి చూసి, కట్టడం శిథిలావస్థకు చేరిందని రాసి, కండెమ్ చేశారు. నూరేళ్ల సున్నం చేయలేని పనిని నలభై ఏళ్ల మరమ్మతు చేసింది. ఇందులో ఎవరి తప్పూ లేదు. ప్రతి దశలోనూ ఫైలు సక్రమంగా ఉంది.

ఇప్పుడు ఊరు రెండు వర్గాలైంది. ఒకరు కాంప్లెక్స్ వర్గం. బజారు మలుపులో ఇంత స్థలం పెంకుల కింద వృథా అవుతోందని వీళ్ల బాధ. కింద పన్నెండు షాపులు, పైన ఫంక్షన్ హాలు వేస్తే ఊరు అభివృద్ధి చెందుతుంది. పోస్టాఫీసు ఎక్కడ పెడతారంటే, "పైన వెనకాల ఒక గది ఇద్దాం సార్, వాళ్లకు ఎంత కావాలి?" అంటారు. ఇది పూర్తిగా అన్యాయం కూడా కాదు. చిన్న పట్టణాల్లో ఎన్నో పోస్టాఫీసులు ఇప్పటికే అద్దె కొంపల్లో, మేడ మెట్ల పైన నడుస్తున్నాయి. పింఛను కోసం వచ్చే ముసలివాళ్లు మెట్లెక్కగలిగితే బతికున్నట్టు రుజువు. లైఫ్ సర్టిఫికెట్ వేరే అడగక్కర్లేదు.

రెండోది వారసత్వ వర్గం. చదువుకున్నవాళ్లు, కెమెరాలున్నవాళ్లు, గుండె ఉన్నవాళ్లు. ఈ భవనాన్ని ఒక్క ఇటుక కదలకుండా కాపాడాలని వీళ్ల పట్టు. కాపాడి ఏం చేస్తారంటే హెరిటేజ్ కేఫ్. కౌంటరు కిటికీ కటకటాల్లోంచి ఫిల్టర్ కాఫీ అందిస్తారు. పాత సార్టింగ్ గూళ్లలో చిన్న చిన్న మొక్కల కుండీలు. గోడకు తంతి యంత్రం, దాని పక్కన సెల్ఫీ తీసుకోవడానికి ఉంగరం ఆకారంలో లైటు. పోస్టాఫీసు ఎక్కడ పెడతారని వీళ్లనూ అడిగారు. "దానికేముంది, ఎక్కడైనా అద్దెకు దొరుకుతుంది" అన్నారు.

చూశారా, ఎక్కడ కలిశారో! కూలగొట్టాలన్నవాళ్లూ కాపాడాలన్నవాళ్లూ కలెక్టరాఫీసు ముందు చొక్కాలు పట్టుకుంటారు గానీ, అందులోంచి పోస్టాఫీసును ఖాళీ చేయించే విషయంలో ఏకాభిప్రాయం ఉంది. ప్రజాస్వామ్యంలో ఇంతటి ఐక్యత అరుదు. దీన్ని కూడా శాసనం చెక్కించి గోడకు పెట్టాలి.

ఈ ఐక్యతకు అడ్డుపడేది ఒక్కటే. భవనం లోపల జనం ఉన్నారు. ఉత్తరాలు రాయడం మానేశాక అక్కడ ఎవరుంటారనుకుంటున్నారేమో, పొద్దున పదికల్లా వరండా నిండిపోతుంది. ఆధార్‌లో పుట్టిన తేదీ తప్పు పడినవాళ్లు, చంటిపిల్లను ఎత్తుకుని సుకన్య ఖాతాకు వచ్చిన తండ్రులు, ఆర్‌డీ పుస్తకాల కట్ట సంచిలో వేసుకుని వచ్చే ఏజెంటమ్మ, ఉపాధి కూలి పడిందో లేదో చూసుకునేవాళ్లు. ఇంకొన్ని ఊళ్లలో పాస్‌పోర్టు కౌంటరు కూడా 2017 నుంచి పోస్టాఫీసుల్లోకే వచ్చింది. ఇందులో వింత కూడా ఏమీ లేదు. ఈ శాఖ ఎప్పుడూ ఉత్తరాలతోనే ఊరుకోలేదు. మలేరియా రోజుల్లో క్వినైన్ పొట్లాలు అమ్మింది, 1882 నుంచి పొదుపు ఖాతాలు నడిపింది, రేడియో ఉన్న ప్రతి ఇంటి నుంచి లైసెన్సు రుసుము కట్టించుకుంది, 2016లో గంగాజలం సీసాలు కూడా అమ్మకానికి పెట్టింది. జ్వరానికి క్వినైన్, ఆపై గంగాజలం. మధ్యలో తీసుకోవాల్సినవి ఏమైనా ఉంటే అవి కూడా త్వరలో పెడతారు.

వారసత్వ వర్గం వాళ్లు డ్రోన్‌తో ఫోటోలు తీయడానికి వచ్చిన రోజున ఈ జనమే సమస్య అయ్యారు. "కొంచెం పక్కకు జరగండమ్మా, ఫ్రేములో పడుతున్నారు" అని బతిమాలారు. ఆధార్ క్యూలో ఉన్నవాళ్లు జరగలేదు. జరిగితే టోకెన్ పోతుంది. ఒక మామ్మగారు మాత్రం కర్ర ఆనించుకుని అడిగింది, "ఏం బాబూ, దేనికి ఫోటోలు?"

"ఈ బిల్డింగును కాపాడటానికి మామ్మా."

"మంచిదే నాయనా. ఆ ఫ్యాను తిరగడం లేదు, అది కూడా చూడండి."

ఫ్యాను వారసత్వం కిందికి రాదని ఆమెకు ఎవరో సున్నితంగా చెప్పారు. అది 1980ల నాటిదట, ఇంకా కాలం తీరలేదు.

ఏదేమైనా ఉద్యమం జరగాల్సిందే కాబట్టి, తపాలా శాఖ సర్కిల్ పెద్దాఫీసుకు ఒక అర్జీ పంపాలని తీర్మానించారు. అర్జీ అద్భుతంగా కుదిరింది. దొర ఉన్నాడు, 1865 పెంకు ఉంది, గాంధీగారి కార్డు ఉంది, తగలబడటమూ చెక్కుచెదరకపోవడమూ రెండూ ఉన్నాయి. "మా ఊరి ఆత్మ ఈ పోస్టాఫీసులోనే ఉంది" అని ముగించారు. ఎలా పంపాలన్న దగ్గర చర్చ మొదలైంది. పెద్దాయన ఒకాయన రిజిస్టరు పోస్టులో వేద్దామన్నారు. రిజిస్టరు పోస్టు వేరేగా లేదు, 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారని ఎవరో ఫోన్లో చూసి చెప్పారు. "అయ్యో, అది కూడా పోయిందా" అని అందరూ కాసేపు బాధపడ్డారు. ఎవరూ ఈ మధ్య వేసి చూడలేదు కాబట్టి ఆ సంగతి తెలియలేదు. పోనీ స్పీడ్ పోస్టే చేద్దామంటే లోపల క్యూ చాంతాడంత ఉంది, మీటింగు అయ్యేసరికి కౌంటరు మూసే వేళ కూడా అయింది. వరండా మెట్ల మీద నిలబడే ఈ నిర్ణయం తీసుకున్నారు: ఎదురుగా ఉన్న కొరియర్ షాపులో ఇచ్చేద్దాం, రేపటికల్లా చేరిపోతుంది.

కొరియర్ కుర్రాడు కవరు తిప్పి చూసి, "పిన్‌కోడ్ రాయలేదు సార్" అన్నాడు. పంపేవారిది కూడా కావాలన్నాడు. దేశాన్ని ఆరంకెల్లో సర్ది ఈ తపాలా శాఖ 1972 ఆగస్టు 15న ఇచ్చిన సంఖ్య అది. ఇవాళ బిర్యానీ నుంచి ఫ్రిజ్ దాకా మోసే ప్రతి యాప్ దానిమీదే బతుకుతోంది, దమ్మిడీ ఇవ్వకుండా. కమిటీ కన్వీనరుగారికి సొంత ఊరి పిన్‌కోడ్ వెంటనే గుర్తొచ్చింది, నెలకు నాలుగు పార్శిళ్లు వస్తాయి కదా. పెద్దాఫీసుది మాత్రం ఎవరికీ తెలియలేదు. కుర్రాడు పెన్ను టేబుల్ మీద పెట్టి రోడ్డవతలికి చెయ్యి చూపించాడు.

"పోస్టాఫీసులో అడిగి రండి సార్. వాళ్లకు తెలుస్తుంది."